గీత దాటే నీరు: ఇసిమంగలిసో తీరంలో ఆవాస సంరక్షణ

సలీం అలీ స్మారకోపన్యాసం – ముద్రిత పాఠం

వన్యప్రాణి సంరక్షణ చరిత్రలో అన్నిటికంటే పాతదీ, నేటికీ అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్నదీ అయిన సాధనం సరిహద్దు గీత. ఒక అడవినో సరస్సునో పటం మీద గుర్తించి, చుట్టూ హద్దురాళ్లు పాతి, లోపల వేటను, సాగును, నివాసాన్ని నిషేధించి, కాపలా పెట్టడమే శతాబ్దానికి పైగా ప్రపంచమంతటా సంరక్షణ అనిపించుకుంది. ఈ సాధనం వల్ల ఎన్నో జాతులు నశించకుండా నిలిచాయన్నది కాదనలేని నిజం. అయితే ప్రాణికి బతుకునిచ్చే వాటిలో నేల ఒక్కటి మాత్రమే. ఆ నేలలోకి పారే నీరు, నీటితో వచ్చే ఒండ్రు, సముద్రం నుంచి వచ్చే పోటు, చుట్టుపక్కల ఊళ్ల బతుకుతెరువు కూడా ఆవాసంలో భాగాలే గనుక, వీటిలో ఏ ఒక్కటీ గీత దగ్గర ఆగదు గనుక, గీత లోపలి బాధ్యత ఎక్కడ ముగుస్తుందో, బయటి బాధ్యత ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోక తప్పదు. దక్షిణాఫ్రికా ఈశాన్య కొసన హిందూ మహాసముద్రపు ఒడ్డున ఉన్న ఇసిమంగలిసో చిత్తడినేలల ఉద్యానం చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ ఉపన్యాస లక్ష్యం.

సలీం అలీ (1896–1987) పేరిట జరిగే ప్రసంగానికి ఆఫ్రికా తీరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. 1930ల తొలినాళ్లలో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే జరిపినప్పటి నుంచి చివరి సంవత్సరాల దాకా ఆయన పట్టుదలగా చెప్పింది ఒక్కటే: పక్షిని దాని ఆవాసం నుంచి విడదీసి చదవడం చదువు కాదు. ఆ మాటను పూర్తిగా అర్థం చేసుకోవాలంటే ఆవాసం అన్నదాని హద్దులు ఎంత దూరం పోతాయో ముందు తెలియాలి. ఇసిమంగలిసో ఆ దూరాన్ని, దాన్ని గుర్తించనప్పుడు జరిగే నష్టాన్ని, గుర్తించాక చేయవలసిన మరమ్మతు కష్టాన్ని ఒకేచోట చూపించే నేల.

ప్రదేశ స్వరూపం

క్వాజులూ–నాటాల్ రాష్ట్రంలో, మొజాంబిక్ సరిహద్దున ఉన్న కోసీ బే నుంచి దక్షిణాన సెయింట్ లూసియా ఏటిమొగ దిగువన ఉన్న మాపెలానే వరకు, దాదాపు 220 కిలోమీటర్ల తీరం వెంట ఈ ఉద్యానం విస్తరించి ఉంది. 1999 డిసెంబరులో దక్షిణాఫ్రికా నుంచి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన తొలి ప్రదేశాలలో ఇది ఒకటి. అప్పట్లో గ్రేటర్ సెయింట్ లూసియా వెట్‌లాండ్ పార్క్ అని పిలిచేవారు, 2007లో ప్రస్తుత జులూ పేరు స్థిరపడింది. దీని భూభాగంలో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలలను గుర్తించే రామ్‌సార్ ఒప్పందం కిందికి వచ్చిన ప్రదేశాలు నాలుగు ఉన్నాయి: సెయింట్ లూసియా సరస్సు వ్యవస్థ, తాబేళ్ల తీరంతో కూడిన పగడపు దిబ్బలు 1986లోను, కోసీ బే, సిబాయా సరస్సు 1991లోను ఆ జాబితాలో చేరాయి. ఐదు వందలకు పైగా పక్షి జాతులు, వందల సంఖ్యలో నీటిగుర్రాలు, నైలు మొసళ్లు, ఏనుగులు, ఖడ్గమృగాలు ఒకే ఉద్యానంలో ఉండగా, అదే ఉద్యానపు సముద్ర భాగంలో పగడపు దిబ్బలు, తిమింగలాలు ఉండడం ప్రపంచంలో అరుదైన విషయం.

ఈ వైవిధ్యానికి మూలం తీరం అమరికలో ఉంది. ఉష్ణమండలం నుంచి దక్షిణానికి పారే అగుల్హాస్ అనే వెచ్చని సముద్ర ప్రవాహం ఒడ్డుకు చేరువగా సాగడం వల్ల, ఆఫ్రికా ఖండంలో అన్నిటికంటే దక్షిణాన ఉన్న పగడాలు ఈ తీరంలోని సోద్వానా దగ్గర పెరుగుతాయి. ఒడ్డునే సన్నని పట్టీలా, అడవి కప్పిన ఇసుక దిబ్బలు వరుసగా నిలబడ్డాయి. వృక్షసంపదతో కూడిన తీరపు దిబ్బలలో ఇవి ప్రపంచంలోనే అత్యంత ఎత్తైనవాటి సరసన ఉంటాయి. దిబ్బల వెనుక పల్లపు నేలలో సరస్సులు, జమ్ము మడుగులు, పచ్చిక బయళ్లు, మడ అడవులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. దిబ్బ సముద్రాన్ని ఆపుతుంది, వాన నీటిని తనలో ఇంకించుకొని నెమ్మదిగా సరస్సు వైపు వదులుతుంది. అందువల్ల తీవ్రమైన కరవులో ఉప్పెక్కిన సరస్సు అంచున, దిబ్బల కింది నుంచి ఊరే మంచినీటి చెలమల దగ్గర కప్పలు, చేపలు, మొసలి పిల్లలు తలదాచుకుంటాయి.

దిబ్బల మీది పోరు

సెయింట్ లూసియా ప్రాంతాన్ని వేట నిషిద్ధ స్థలంగా 1895లో ప్రకటించారు; ఆఫ్రికాలోని అతి పాత అభయారణ్యాలలో ఇది ఒకటి. కానీ చట్టం జంతువును కాపాడినంతగా నేలను కాపాడలేదు. సరస్సుకు, సముద్రానికి నడుమ ఉన్న తూర్పు ఒడ్డు దిబ్బల ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్ అనే బరువైన ఖనిజాలు ఉన్నాయి. మొదటి రెండింటి నుంచి టైటానియం వస్తుంది, రంగులలో తెల్లదనానికి వాడే పొడి దాని నుంచే తయారవుతుంది. దిబ్బ మధ్యలో చెరువు తవ్వి, దానిలో తేలే యంత్రంతో ముందున్న ఇసుకను తోడి, ఖనిజాన్ని వేరుచేసి, మిగిలిన ఇసుకను వెనుక పోసుకుంటూ పోవడం ఈ తవ్వకపు పద్ధతి. తవ్విన చోట మళ్లీ మొక్కలు నాటి అడవిని పెంచుతామన్నది రిచర్డ్స్ బే మినరల్స్ సంస్థ వాదన. దక్షిణాన తవ్విన దిబ్బల మీద ఆ సంస్థ అలా చేసి చూపించింది కూడా.

తూర్పు ఒడ్డు దిబ్బలను తవ్వాలన్న ఆ సంస్థ ప్రతిపాదన మీద 1989 నుంచి దేశమంతటా సాగిన వాదోపవాదాలలో, లక్షల మంది సంతకాలతో అర్జీ సమర్పించడమే కాక, దక్షిణాఫ్రికా అప్పటివరకు చూడనంత విస్తృతమైన పర్యావరణ ప్రభావ అధ్యయనం కూడా జరిగింది. తెల్ల ఖడ్గమృగాన్ని అంతరించిపోకుండా కాపాడిన ఉద్యమంలో పేరుపొందిన ఇయాన్ ప్లేయర్ తవ్వకాన్ని వ్యతిరేకించినవారిలో ముందు నిలిచారు. అధ్యయనం తవ్వకమూ పర్యాటకమూ కలిసి సాగవచ్చన్న అభిప్రాయానికి వచ్చినా, న్యాయమూర్తి రామన్ లియోన్ అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా మండలి 1993 చివర దానికి భిన్నంగా తీర్పు చెప్పింది: ఆ ప్రదేశపు విశిష్టత ఒకసారి చెదిరితే తిరిగి కట్టలేనిది గనుక తవ్వకం వద్దని తేల్చింది. 1996లో నెల్సన్ మండేలా నాయకత్వంలోని తొలి ప్రజాస్వామ్య ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని ఖరారు చేసింది. నిరుద్యోగం విపరీతంగా ఉన్న జిల్లాలో, ఖజానా ఖాళీగా ఉన్న కాలంలో, కొత్తగా అధికారానికి వచ్చిన ప్రభుత్వం ఖనిజపు రాబడిని కాదనడం తేలికైన విషయం కాదు. అందుకు బదులుగా ప్రకృతి ఆధారిత పర్యాటకం ద్వారా ఉపాధి కల్పిస్తామని ప్రభుత్వం ఇచ్చిన మాట అక్కడి ప్రజలకు ఒక ఋణపత్రం. ఆ తరువాతి ఉద్యాన చరిత్రను ఆ ఋణం ఎంతవరకు తీరిందన్న లెక్కతోనే చదవాలి.

ఏటిమొగ: అర్ధ శతాబ్దపు పొరపాటు

దిబ్బలను కాపాడడానికి ఒక నిర్ణయం చాలింది. నీటి విషయంలో మాత్రం అంత సులువుగా సాగలేదు. సెయింట్ లూసియా సరస్సు వైశాల్యం దాదాపు 350 చదరపు కిలోమీటర్లు. సగటు లోతు మాత్రం ఒక మీటరుకు అటూఇటూ. ఇంత విశాలమై ఇంత లోతు తక్కువైన నీటి పరపు ఎండకు త్వరగా ఆవిరైపోతుంది. మ్కూజే, మ్జినేనే, హ్లుహ్లువే, న్యాలాజీ, మ్పాతే అనే ఐదు ఏర్లు సరస్సులోకి దిగుతాయి. వీటన్నిటికంటే పెద్దదైన ఉంఫొలోజీ నది మాత్రం సరస్సులో కాక, సరస్సు సముద్రాన్ని చేరే మొగ దగ్గరే వచ్చి కలిసేది. నది, సరస్సు రెండింటికీ ఒకటే మొగ ఉండడమే ఈ వ్యవస్థకు ఆయువుపట్టు. వానలు తగ్గిన కాలంలో అలలు ఇసుకను తెచ్చి మొగను మూసివేసేవి. అప్పుడు ఉంఫొలోజీ నీరు సముద్రానికి దారి లేక వెనుదిరిగి సరస్సులోకి ఎక్కేది. సరస్సు నిండి మట్టం పెరిగాక ఇసుక మేట తెగి నీరు సముద్రంలోకి దూకేది. మొగ మూసుకోవడం ఆ సరస్సుకు రోగం కాదు, కరవును తట్టుకొనే ఉపాయం.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఉంఫొలోజీ వరద మైదానంలోకి చెరకు వచ్చింది. నాటాల్ చక్కెర పరిశ్రమకు పునాది వేసింది 1860 నుంచి మద్రాసు రేవు ద్వారా తరలివెళ్లిన ఒప్పంద కూలీలు; గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు వారిలో గణనీయంగా ఉన్నారు. వారి శ్రమతో నాటాల్‌లో బలపడిన పరిశ్రమ, ఆ తరువాత ఉత్తరాన జులూలాండ్ వైపు విస్తరించింది. నది ఒడ్డున జమ్ము, పాపిరస్ పెరిగిన మడుగులు అంతకు ముందు వరదనీటిని నిలబెట్టి, ఒండ్రును తమలోనే దించుకొని, తేటనీటిని కిందికి వదిలేవి. చెరకు కోసం ఆ మడుగులను ఎండగట్టి, నదిని తిన్నని కాలువలలోకి మళ్లించాక ఒండ్రు నేరుగా మొగకు చేరడం మొదలైంది. సరస్సు పూడిపోతుందన్న భయంతో 1952లో అధికారులు నదికి దక్షిణాన విడిగా మొగ తవ్వి, దాన్ని సరస్సు నుంచి వేరు చేశారు. ఆ నాటి నుంచి సరస్సు మొగను తవ్వోడలతో తోడుతూ ఎప్పుడూ తెరిచి ఉంచడం అధికారిక విధానమైంది.

అప్పటికి తెలిసిన శాస్త్రాన్ని బట్టి అది సదుద్దేశంతో చేసిన పనే. అయితే దాని ఫలితం కరవు వచ్చినప్పుడు బయటపడింది. ప్రధాన నది దూరమైన సరస్సు మట్టం ఆవిరి వల్ల సముద్రమట్టం కంటే కిందికి దిగగా, తెరిచి ఉంచిన మొగ గుండా ఉప్పునీరు లోపలికి పారింది. ఆ నీరు ఆవిరై ఉప్పు మిగిలింది. మళ్లీ ఉప్పునీరే వచ్చింది. 1970 ప్రాంతపు కరవులో సరస్సు ఉత్తర భాగంలో ఉప్పదనం సముద్రపు నీటికి సుమారు మూడింతలు చేరింది. జమ్ము మాడింది, చేపలు చచ్చాయి, నీటిగుర్రాలు తాగేందుకు నీరు లేక కిలోమీటర్ల దూరం నడిచాయి. 1984 మొదట్లో వచ్చిన దొమోయినా తుపాను వరద వ్యవస్థనంతా కడిగివేసినా, అసలు కారణం అలాగే ఉండిపోయింది.

2002లో మరో దీర్ఘ కరవు మొదలైనప్పుడు నిర్వాహకులు మొగను మూసుకుపోనిచ్చారు. ఉప్పు చేరడం ఆగింది గానీ, నది కలవని సరస్సుకు నీరు లేకుండా పోయింది; 2006 నాటికి సరస్సులో తొంభై శాతానికి పైగా ఎండి నెర్రెలిచ్చింది. 2007 మార్చిలో తుపాను అలలు మొగను తెరిచి సముద్రపు నీటిని లోపలికి తెచ్చినా, కొన్ని నెలలకే అది మళ్లీ మూసుకుంది. సరస్సులో ఏం జరిగితే సముద్రంలో అది కనిపిస్తుందనడానికి రొయ్యల వేటే సాక్ష్యం. సముద్రంలో గుడ్లు పెట్టే రొయ్యలకు పిల్ల దశలో ఏటిమొగల ఉప్పు–తీపి కలిసిన నీరే పెంపకపు నెలవు. మొగ మూతపడిన కాలంలో తుకేలా తీరపు లోతు తక్కువ నీళ్లలో మరపడవల రొయ్యల వేట దాదాపు పూర్తిగా కూలిపోయింది. ఎగువన చెరకు రైతు, మధ్యలో నీటిగుర్రం, దిగువన సముద్రంలో రొయ్యల పడవ ఒకే నీటి లెక్కలో భాగస్వాములని అప్పటికి గానీ అందరికీ అర్థం కాలేదు.

ప్రపంచ పర్యావరణ నిధి సహాయంతో జరిగిన అధ్యయనాల దన్నుతో ఉద్యాన అధికార సంస్థ విధానాన్ని తిరగరాసింది. 2012లో బీచ్ గుండా పాయ తీసి ఉంఫొలోజీ నీటిని మళ్లీ సరస్సు వైపు మళ్లించారు. 2016 నుంచి దశాబ్దాలుగా తవ్వోడలు పోసిన ఇసుక, మట్టి గుట్టలను తొలగించి, నది, సరస్సు సహజంగా కలిసే దారిని తెరవడం మొదలుపెట్టారు. అరవయ్యేళ్ల కిందటి నిర్ణయం తప్పని ఒప్పుకొని ఒక ప్రభుత్వ సంస్థ దాన్ని వెనక్కి తిప్పడం సంరక్షణ చరిత్రలో తరచుగా జరిగేది కాదు.

వివాదం అంతటితో తీరలేదు. నీరు వెనక్కి ఎక్కినప్పుడు మైదానంలోని చెరకు, పేద రైతుల పొలాలు మునుగుతాయి. నదితో వచ్చిన ఒండ్రు సరస్సు ముఖాన మేట వేస్తుంది. చేపల వేటకు వచ్చే పర్యాటకులు తగ్గారని ఊరి వ్యాపారులు వాపోతారు. 2021 జనవరిలో అధికార సంస్థ యంత్రాలతో మొగను తెరిచినప్పుడు, సహజంగా తెగనివ్వాలన్న శాస్త్రజ్ఞులు తీవ్రంగా అభ్యంతరం చెప్పగా, పర్యావరణ మంత్రి స్వతంత్ర నిపుణుల మండలిని నియమించవలసి వచ్చింది. ఈ తగవులో రెండు పక్షాలకూ ఉద్యానపు హద్దు లోపల పరిష్కారం లేదన్నది గమనించవలసిన సంగతి. ఒండ్రును ఆపవలసింది పరీవాహక ప్రాంతపు కొండవాలులలో, మడుగుల పునరుద్ధరణ జరగవలసింది చెరకు పొలాలలో, నష్టపరిహారం నిర్ణయించవలసింది రాజధానిలో.

భూగర్భపు హద్దు

కంటికి కనిపించే నదికే ఇంత కష్టమైతే, కనిపించని భూగర్భ జలానికి హద్దు గీయడం ఇంకా కష్టం. దేశంలోని అతిపెద్ద సహజ మంచినీటి సరస్సు సిబాయాలోకి పెద్ద నది ఏదీ దిగదు. చుట్టూ ఉన్న ఇసుక నేలలో ఇంకిన వాన నీరే నెమ్మదిగా ఊరి దాన్ని నింపుతుంది. ఈ శతాబ్దంలో దాని మట్టం మీటర్ల కొద్దీ పడిపోయింది. వానలు తగ్గడం ఒక కారణం కాగా, పరీవాహక ప్రాంతంలో విస్తరించిన జామాయిల్ తోటలు మరో ప్రధాన కారణమని పరిశోధకులు తేల్చారు. లోతుగా వేళ్లూని ఏడాది పొడవునా నీరు తోడే ఈ చెట్టు, అదే నేలలో సహజంగా పెరిగే పచ్చిక కంటే ఎన్నో రెట్లు ఎక్కువ నీటిని ఆకుల ద్వారా ఆవిరి చేస్తుంది.

ఉద్యానం లోపల ప్రభుత్వం పెంచిన పైన్, జామాయిల్ తోటలను వేల హెక్టార్లలో తొలగించి పచ్చికను, చిత్తడిని తిరిగి రప్పించారు; ఏనుగులు 2001లో తూర్పు ఒడ్డుకు, సింహాలు 2013లో ఉద్యానపు ఉమ్కూజే భాగానికి తిరిగి వచ్చాయి. కానీ సిబాయా చుట్టూ ఉన్న తోటలలో చాలా భాగం గీత బయట, కొద్దిపాటి నేల గల కుటుంబాలవి. దక్షిణాఫ్రికాలోని అత్యంత పేద జిల్లాలలో ఒకటైన ఉమ్ఖన్యాకుడేలో, జామాయిల్ దుంగలు అమ్మి పిల్లల చదువు ఖర్చు చూసుకొనే ఇంటికి, చెట్టు కొట్టేయమని చెప్పే హక్కు మరో బతుకుతెరువు చూపినవారికే ఉంటుంది.

తాబేళ్లు, కాలం

సంరక్షణకు హద్దు స్థలంలోనే కాక కాలంలోనూ ఉంటుందని ఈ తీరపు తాబేళ్లు చెబుతాయి. అక్టోబరు నుంచి మార్చి వరకు లాగర్‌హెడ్, లెదర్‌బ్యాక్ జాతుల ఆడ తాబేళ్లు ఉత్తర తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. పెంకుకు బదులు తోలు కప్పిన వీపుతో, మనిషి పొడవుకు మించి పెరిగే లెదర్‌బ్యాక్, రాత్రివేళ అలల గీతను దాటి పైకి వచ్చి, ముందు రెక్కలతో ఒంటి కింద ఇసుకను చదును చేసుకొని, వెనుక రెక్కలను గరిటెల్లా వంచి ఒక్కొక్క దోసెడు ఇసుకను ఎత్తి పక్కన పోస్తూ లోతైన గుంట తీస్తుంది; వందకు అటూఇటూగా గుడ్లు పెట్టాక గుంటను పూడ్చి, జాడ తెలియకుండా చుట్టూ ఇసుకను చెదరగొట్టి, తిరిగి సముద్రంలోకి పోతుంది. రెండు నెలల తరువాత బయటికి వచ్చే పిల్లలలో పెద్దయ్యేది వెయ్యింటికి ఒకటో రెండో అని అంచనా.

ఇక్కడ 1963 నుంచి ప్రతి ఏటా ఆగకుండా గుడ్ల కాలంలో లెక్క సాగుతోంది; ప్రపంచంలో ఇంత దీర్ఘకాలం నడిచిన తాబేళ్ల పరిశీలనలు కొన్నే. శాస్త్రీయంగా దాన్ని నిలబెట్టినవారు జార్జ్ హ్యూస్ వంటి పరిశోధకులు కాగా, రాత్రులు తీరం వెంట నడిచి ఒక్కొక్క జాడను గుర్తించి రాసింది అక్కడి పల్లెల మనుషులు. ఒకప్పుడు తాబేలు మాంసాన్ని, గుడ్లను తిన్న పల్లెలే కాపలా పనిలో జీతగాళ్లయ్యాయి. లాగర్‌హెడ్‌లు పెద్దవై గుడ్లు పెట్టడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది గనుక, 1960లలో కాపాడిన గుడ్డు ఫలితం 1990లలో గానీ తీరానికి రాలేదు. వాటి సంఖ్య అనేక రెట్లు పెరగగా, లెదర్‌బ్యాక్‌లు మొదట పుంజుకొని ఆ తరువాత తక్కువ సంఖ్య దగ్గరే నిలిచిపోయాయి. ఒకే తీరంలో, ఒకే కాపలా కింద ఉన్న రెండు జాతులలో ఈ తేడాకు కారణాన్ని తీరం బయటే వెతకవలసి ఉంటుంది. ఇక్కడి తాబేళ్లు మొజాంబిక్, మడగాస్కర్ జలాలు దాటి, లెదర్‌బ్యాక్‌లైతే అట్లాంటిక్ దాకా తిరుగుతాయి. పొడవైన గాలపు తాళ్లకు, వలలకు చిక్కేది అక్కడే. 2019లో ఉద్యానపు సముద్ర రక్షిత ప్రాంతాన్ని సుమారు 10,700 చదరపు కిలోమీటర్లకు పెంచడం ఈ అవగాహన ఫలితమే అయినా, తాబేలు ప్రయాణం ముందు అదీ చిన్న వలయమే.

మనుషుల హక్కు

కోసీ బే మొగ దగ్గర నాలుగు సరస్సులు వరుసగా ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న సరస్సులలో థోంగా ప్రజలు శతాబ్దాలుగా చేపల దడులు కడుతున్నారు. అడవి కర్రలను నీటిలో పాతి, వాటి నడుమ పుల్లలను అల్లి, ఒడ్డు నుంచి లోతు వైపు వంపు తిరిగేలా దడిని నడిపిస్తారు. గుడ్లు పెట్టే వయసుకు వచ్చి సముద్రం వైపు పోయే చేప దడి వెంట ఈదుతూ పోయి, లోపలికి మాత్రమే తెరుచుకొనే సన్నని ద్వారం గుండా చిన్న ఆవరణలో చేరుతుంది. పోటు తగ్గాక యజమాని నడుములోతు నీటిలో దిగి ఈటెతో దాన్ని పొడిచి తీస్తాడు. పుల్లల సందు చిన్న చేపను దాటిపోనిస్తుంది. దడి ఉన్న చోటు తండ్రి నుంచి కొడుకుకు సంక్రమిస్తుంది. కొత్త దడికి ఊరి పెద్దల అనుమతి కావాలి. వేటను అదుపులో ఉంచే నియమం ఆ పుల్లల సందులోను, ఆ అనుమతిలోను కలిసే ఉంది. సన్నకన్ను నైలాన్ వలలకు ఈ రెండు హద్దులూ లేవు. అందువల్లనే వాటిని అధికారులు నిషేధించారు, అందువల్లనే ఉపాధి లేని యువకులు వాటినే ఆశ్రయించారు, వలల మీద జరిగిన ఘర్షణలలో ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ ఘర్షణకు పాత మూలం ఉంది. వర్ణవివక్ష కాలంలో తూర్పు ఒడ్డున పైన్ తోటల కోసం, క్షిపణి పరీక్షా స్థలం కోసం, సంరక్షణ కోసం అక్కడి కుటుంబాలను ఖాళీ చేయించారు. ఆనాడు ఆ ప్రజలకు ఉద్యానం తమ ఊరిని మింగిన గీత. 1994 నాటి భూ హక్కుల పునరుద్ధరణ చట్టం కింద భంగాజీ ప్రజల వాదన 1999లో పరిష్కారమైంది. ఆ తరువాత మరికొన్ని సముదాయాలు నేల మీద పట్టా తిరిగి పొందాయి. అయితే నేలను సంరక్షణకే వదలాలని, నివాసానికి తిరిగి పోరాదని, బదులుగా ఆదాయంలో వాటా, ఉద్యోగాలలో ప్రాధాన్యం, నిర్వహణలో మాట దక్కాలని ఒప్పందం. నైతికంగా ఇది పెద్ద ముందడుగు. ఆచరణలో వాటా సరిపోవడం లేదని, మాట వినబడడం లేదని అక్కడి ప్రజలు చేస్తున్న ఫిర్యాదును ఎవరూ తోసిపుచ్చలేరు. దిబ్బలను తవ్వనివ్వనప్పుడు రాసిన ఋణపత్రం ఇంకా పూర్తిగా చెల్లలేదు.

సలీం అలీ వారసత్వం, తెలుగు తీరం

సలీం అలీ జీవితంలోనే ఈ పాఠానికి ఒక సాటి ఉంది. భరత్‌పూర్ కేవలాదేవ్ పక్షుల నెలవులో గేదెల మేతను ఆపాలని కోరినవారిలో ఆయన కూడా ఉన్నారు. 1982లో మేతను నిషేధించినప్పుడు గ్రామస్థుల నిరసన మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే కాలంలో ఆయన మార్గదర్శకత్వంలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మొదలుపెట్టిన దీర్ఘకాలిక అధ్యయనం చివరికి మరో నిజాన్ని తేల్చింది: గేదెలు లేకపోవడంతో నీటి గడ్డి ఆగకుండా అల్లుకొని, నీటిని కప్పివేసి, పక్షులకు తావు తగ్గించింది. నిషేధాన్ని సమర్థించిన సంస్థే, నిషేధం తప్పని చూపించిన ఫలితాన్ని దాచకుండా ప్రకటించడం ఆ శాస్త్ర సంప్రదాయానికి వన్నె తెచ్చింది. కడప జిల్లాలో అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ దొరికినప్పుడూ, దాని జాడ ముందు తెలిసింది పొదలలో రాత్రివేళ తిరిగే ఊరివారికే. ఆ పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారిని మార్చవలసి రావడం ఆవాసానికీ నీటిపారుదలకూ ఉన్న ముడిని తెలుగు నేలకు పరిచయం చేసింది.

పులికాట్ మొగ ఇసుక మేటలతో మూసుకుపోవడం, కొల్లేరుకు ఎగువన బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటి నాణ్యత, దిగువన ఉప్పుటేరు పూడిక, భీమునిపట్నం, భావనపాడు ఇసుకలోని అదే ఇల్మనైట్ మీద తవ్వకపు ఒత్తిడి – ఇవన్నీ ఇసిమంగలిసోలో ఎదురైన ప్రశ్నలే. కొల్లేరులో 2006 ప్రాంతంలో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు హద్దు అమలైంది గానీ, ఎగువ నీటికీ, ఉపాధి పోయిన ఇళ్లకూ అంత పట్టుదలగా జవాబు దొరకలేదు.

1998లో దక్షిణాఫ్రికా చేసిన జాతీయ జల చట్టం ఒక దారి చూపింది. మనుషుల కనీస అవసరాలకు, నది బతకడానికి కావలసిన నీటిని ముందుగా రిజర్వు చేసిన తరువాతే మిగతా వాడకందారులకు పంచాలని ఆ చట్టం నిర్దేశించింది. అమలులో లోపాలున్నా, నదికి నీటిపై హక్కు ఉందన్న సూత్రాన్ని చట్టంలో రాసుకోవడం పెద్ద విషయం. ఆ సూత్రాన్ని ఆవాస సంరక్షణకు వర్తింపజేస్తే చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. ప్రతి అభయారణ్యపు నిర్వహణ ప్రణాళికలో జంతువుల లెక్కతో పాటు, ఆ నేలకు నీరు ఎక్కడి నుంచి ఎంత రావాలో, ఎంత వస్తోందో, మధ్యలో ఎవరు వాడుకుంటున్నారో రాయాలి. ఆ నేల నుంచి ఎవరు కదిలారో, వారికి ఇచ్చిన మాటలో ఎంత నెరవేరిందో ఏటా ప్రకటించాలి. గత నిర్ణయం తప్పని తేలినప్పుడు దాన్ని మార్చే అధికారం, మార్చడానికి నిధి ముందే ఉండాలి. ఇసిమంగలిసో ఈ మూడింటినీ పూర్తిగా సాధించలేదు గానీ, మూడూ తప్పనిసరి అని తన అనుభవంతో నిరూపించింది. పులికాట్‌కు, కొల్లేరుకు, కోరింగకు ఈ మూడు లెక్కలూ రాసి ప్రజల ముందు పెట్టడమే సలీం అలీ పేరును గౌరవించే తెలుగు సంరక్షకుల తక్షణ కర్తవ్యం.